పట్వారీ పూట మేత

"ఆవపల్లిలో ఎవరి ఫోన్‌ల టైం తప్పున్నా, మా పుంజు మేత తినే వేళ జూసి దిద్దుకుంటరు," అని అనుపమ బాసగూడ బజారులో ప్రకటించింది.

ఈ మాట ఆమె ఎవరి చెవిలోనో చెప్పలేదు. తమ బట్టల దుకాణంలో లుంగీల కట్ట మీద నిలబడి, అటు ఉల్లిగడ్డల వరసకూ ఇటు ఎండుచేపల వరసకూ వినపడేలా చెప్పింది. పొద్దున ఆరింటికి నూకలు. పన్నెండింటికి నానబెట్టిన జొన్నలు. సాయంత్రం ఆరింటికి వడ్లు. ఒక్క నిమిషం అటూ ఇటూ అయ్యేది లేదు. పెళ్ళికొడుక్కి కూడా అత్తగారింట్లో ఇంత వేళకు విస్తరి పడదు.

అప్పుడు పన్నెండూ పది. సన్న సైకిల్ మీద వచ్చి దిగాడు. సన్నకి ఆవపల్లిలో అనుపమ వాళ్ళ ఇంటి వెనకే సైకిళ్ళు బాగుచేసే దుకాణం. క్యారేజీకి కట్టిన గంపలోంచి పుంజును తీసి, లుంగీల కట్ట మీద, సరిగ్గా అనుపమ పాదాల దగ్గర పెట్టాడు.

"మీ గడియారం," అన్నాడు. "పొద్దటిసంది ఆకలికి నా దుకాణంల జొరబడి రెండు వాల్వు ట్యూబులు మింగింది. మూడోది గుంజుకున్న."

ఎండుచేపల వరస మొత్తం నవ్వింది. ఉల్లిగడ్డల వాళ్ళు కాస్త మర్యాదస్తులు కాబట్టి ముఖాలు తిప్పుకుని నవ్వారు. పుంజు మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా లుంగీల కట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా అడుగులు లెక్కపెడుతూ నడిచింది. ఎక్కడ వదిలినా అది అలాగే నడుస్తుంది, భూమి కొలిచే పట్వారీలాగా. అందుకే దానికి ఆ పేరు.

అసలు పట్వారీ సన్న పుంజే. నెల కిందట ఆవపల్లి బజారు పక్కన కోడిపందెం బరిలో దాని కాలికి కత్తి కట్టి దింపాడు. ఎదుటి పుంజు మెడ నిక్కించింది. పట్వారీ దాన్ని ఎగాదిగా చూసి, బరి పొడవు ఒకసారి కొలిచి, జనం కాళ్ళ సందుల్లోంచి బయటపడి, నాలుగు దుకాణాలు దాటి అనుపమ వాళ్ళ తువ్వాళ్ళ గుట్టలో దూరింది. ఓడిన పుంజు గెలిచినవాడి గిన్నెలోకి పోవడం బరి రివాజు. గెలిచినవాడు సంచి పట్టుకుని వచ్చాడు. అనుపమ తువ్వాళ్ళ గుట్టకు అడ్డం నిలబడింది.

"మా దుకాణంలకొచ్చినోడు గిరాకి," అంది. "గిరాకిని కోసుకతినుడు మా ఇంట లేదు."

"అది కోడి."

"బేరమాడకుండ లోపలికొచ్చింది. నీకంటె మంచి గిరాకి."

ఆ గొడవ పెరిగి పెద్దదయ్యేదే. అనుపమ నాన్న కాశీవిశ్వనాథానికి గొడవలు గిట్టవు. ఆయన ఎలాంటి గొడవనైనా ఒక తువ్వాలుతో ముగిస్తాడు. గెలిచినవాడి భుజం మీద కొత్త తువ్వాలు వేసి పంపేశాడు. అలా పట్వారీ ఇంటికొచ్చింది. పరువు పోయిన సన్న వారం రోజులు దాని ముఖం చూడలేదు. ఆ తర్వాత దడి మీద నుంచి చూడటం మొదలుపెట్టాడు.

చిక్కల్లా ఆ ఇంటి పని పద్ధతితో వచ్చింది. వాళ్ళది కదలని దుకాణం కాదు. రోజుకో ఊరి బజారు. చీకటి పోకముందే పికప్ బండిలో బట్టల మూటలు ఎక్కాలి, ఆరు దాటగానే బండి కదలాలి. డ్రైవర్ పక్కన నాన్న, వెనక మూటల మీద అనుపమ, గాజుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని నాయనమ్మ మంగాదేవి. డెబ్భై దాటినా ఆమె గాజుల దగ్గర ఇంకొకరిని కూర్చోనివ్వదు. ఇల్లు తాళం. మళ్ళీ దీపాలవేళకే రాక. పొద్దున, సాయంత్రం మేత అనుపమ పెట్టగలదు. నడి మధ్యాహ్నం ఎవరు పెట్టాలి? కుక్కల భయానికి పుంజును గంప కింద మూసి పోవాల్సిందే, ఏరుకు తినే వీలు లేదు. గంప తోసుకుని బయటపడిన రోజు వాల్వు ట్యూబులే గతి. పోనీ బండిలో తీసుకుపోదామంటే నాన్న చేతులు జోడించాడు. బరి వదిలి పారిపోయిన పుంజు బండెక్కితే బేరం కూడా పారిపోతుందని ఆ దారిలో వర్తకులందరి నమ్మకం.

బాసగూడ నుంచి తిరిగొచ్చిన సాయంత్రం మంగాదేవి పెరట్లో పీట వేసుకుని కూర్చుంది.

"చూడే అనూ. ఇంట్ల ఉన్న జీవం ఆకలితోని మాడితే ఆ పాపం ఇంటికి తగుల్తది. సాకగలిగితే సాకు. లేకుంటే కుక్కర్ ఉన్నది."

"సాకుత."

"ఎట్ల? నువ్వేమో బజార్ల, అదేమో గంప కింద."

"ఎట్లనో నేను చూస్కుంట. ఇగ ఒక్క పూట తప్పదు."

"తప్పితే?"

అనుపమ కొంచెం వెనక్కి తగ్గి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. వెనక్కి తగ్గడం ఆమెకు రాదు. ఒకసారి చిన్నప్పుడు, కదిలే బస్సును కళ్ళతో ఆపుతానని రోడ్డు మధ్యలో నిలబడింది. బస్సు ఆగింది. డ్రైవర్ దిగి చెవి మెలిపెట్టాడు. బస్సయితే ఆగింది కదా అని ఆమె ఇప్పటికీ అంటుంది.

"ఒక్క పూట తప్పితే నువ్వే కోసి వండు," అంది. "నేను మసాలా నూరిస్త."

అన్న తర్వాత కిందికి చూసింది. పట్వారీ ఆమె చెప్పు కొలుస్తోంది.

"రోజూ సాయంత్రం నేనే చూస్త," అని మంగాదేవి పుంజును ఒళ్ళోకి తీసుకుని, మెడ కింద, తిన్న గింజ చేరే మేత సంచి మీద రెండు వేళ్ళు ఆనించింది. "ఇది అబద్ధమాడదు. నువ్వాడుతవు."

ఆ రాత్రే అనుపమ పాత క్యాలెండర్ తిప్పి వెనకవైపు మేత వంతుల పట్టీ గీసింది.

ఆవపల్లిలో వారాలకు పేర్లు లేవు. అంటే ఉన్నాయి, అవి బడిలోనూ బ్యాంకులోనూ ఉంటాయి. మిగతా జనానికి రోజంటే బజారే. ఉసూర్ బజార్ రోజు పుట్టినవాడు, బాసగూడ బజార్ రోజు పెళ్ళయినవాడు, అలా చెప్పుకుంటారు. అందుకని పట్టీలో కూడా బజార్లే గీసింది. ఉసూర్‌కు కొండ. బాసగూడకు వాగు. బీజాపూర్‌కు బస్టాండు. గీదంకు లారీ, ఎందుకంటే గీదం వెళ్ళేది అమ్మడానికి కాదు, సరుకు తేవడానికి. ఆవపల్లి సొంత బజారుకు పుంజు బొమ్మ, ఆ రోజు తనే ఉంటుంది కాబట్టి.

కొండ రోజూ వాగు రోజూ పక్కింటి బుధ్రి వంతు. బుధ్రి ఆకుల దొప్పలు కుట్టి అమ్ముతుంది, అడవిలోంచి పన్నెండుకల్లా ఇల్లు చేరుతుంది. బస్టాండు రోజూ లారీ రోజూ సన్న వంతు. గీదం చాలా దూరం, తెల్లారకముందే బయల్దేరాలి కాబట్టి లారీ రోజున పొద్దున మేత కూడా సన్నదే.

"నా పరువు దీసిన దానికి నేను వండిపెట్టాల్నా?" అన్నాడు సన్న.

"వండకు. నానబెట్టు చాలు."

"నన్ను జూసి మొకం తిప్పుకుంటది."

"సిగ్గుపడ్తున్నది అన్నా. నువ్వు పెద్దోనివి, నువ్వే ముందు పలకరించు."

మొదటి లారీ రోజు సన్న జొన్నలు దూరం నుంచి విసిరేసి పోయాడట. రెండో లారీ రోజుకు గంప పక్కన కూర్చుని, బరిలో ఎక్కడ తప్పు చేసిందో పట్వారీకి గంటసేపు వివరించాడట. ఈ సంగతి బుధ్రి చెప్పింది. బుధ్రి అయితే అడవి నుంచి వస్తూ పుట్ట పగలగొట్టి, చెదపురుగులు దొప్ప నిండా తెచ్చేది. పట్వారీ వాటిని ఒక్కొక్కటే కాక గుంపులు గుంపులుగా తినేది. ఇరవై రోజుల్లో దాని ఈకలకు ఎంత నిగారింపు వచ్చిందంటే, అనుపమ దాని వీపులో చూసుకుని జడ వేసుకుంటున్నానని బజారంతా చెప్పింది.

రోజూ సాయంత్రం మంగాదేవి రెండు వేళ్ళూ పుంజు మెడ కింద ఆనించేది. రోజూ మేత సంచి మెత్తగా, నిండుగా తగిలేది. రోజూ ఏమీ అనకుండా లేచి లోపలికి పోయేది. ఏమీ అనకపోవడమే అనుపమకు పతకం. ఆ మధ్య ఒకరోజు ఎండుచేపల వరసకు వెళ్ళి, ఎవరూ అడక్కుండానే, "ఇరవై మూడు రోజులు. ఒక్క పూట తప్పలే. ఇగ నవ్వుండ్రి," అని వచ్చింది. వాళ్ళకు నవ్వడానికి కారణమేదీ దొరకలేదు.

ఇరవై ఐదో రోజు ఆవపల్లి బజారు. పొద్దున్నే ఉసూర్ నుంచి కొత్వాల్ వచ్చాడు. ఊళ్ళో చాటింపు వేసే మనిషి. ఉసూర్‌లో రేపు ఊరి దేవత కొలుపు పెట్టుకున్నారు. కొలుపు రోజు బజారు కూర్చోకూడదు, కాబట్టి ఉసూర్ బజారు రేపు కాదు ఎల్లుండి అని చెప్పి, ఒక గ్లాసు టీ తాగి పోయాడు.

"మంచిదే," అన్నాడు కాశీవిశ్వనాథం. "రేపు ఊరికే కూర్చునుడెందుకు? గీదం పోయి సరుకు దెచ్చుకుందం. ఈ వారం గీదం పని రేపటితోనే అయిపోతది."

అనుపమ అక్కడే చొక్కాలు మడతపెడుతోంది. విన్నది. ఒక చొక్కాను రెండుసార్లు మడిచింది.

మర్నాడు తెల్లారకముందే బండి కదిలింది. పట్వారీ ఇంకా గంప కింద ముడుచుకుని నిద్రలో ఉంది. గీదంలో ఆ రోజు ఊపిరాడని పని. చీరల దుకాణంలో ఒక బేరం, చెప్పుల దుకాణంలో ఇంకో బేరం, మూటలు కట్టించి బండి దాకా మోయించి, మంగాదేవికి నచ్చే గాజులు ఏడు కొట్లు తిరిగినా దొరక్క ఎనిమిదో కొట్లో దొరికి, అందరూ సమోసాలు తిని టీ తాగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఆ సమోసా సగంలో అనుపమ ఆగిపోయింది. ఫోన్ తీసి సన్నకు కొట్టింది. అందుబాటులో లేదంది. ఇంకో మూడుసార్లు కొట్టింది. ఆవపల్లిలో సిగ్నల్ చింతచెట్టెక్కితేనే ఉంటుంది, సన్నకు మోకాళ్ళ నొప్పులు. బుధ్రికి ఫోనే లేదు.

"ఏందే, తినవు?" అంది మంగాదేవి.

"కారమున్నది."

"చక్కెర పాకంల ముంచినట్టున్నది, కారమంటవేంది?"

దారి పొడుగునా అనుపమ బండిని లోపల్లోపల తోస్తూనే ఉంది. బీజాపూర్ దాటేసరికి తనే మోస్తున్నట్టు భుజాలు నొప్పి పుట్టాయి. ఆవపల్లి మలుపు దగ్గర, ఇంకా వెలుతురుండగానే, గేటు తీస్తానని చెప్పి దూకి పరుగెత్తింది. ఆ గేటుకు తాళం కూడా ఉండదు. వెదురు దడికి కట్టిన తాడు, అంతే.

గంప ఎక్కడ మూసిందో అక్కడే ఉంది. ఎత్తింది. పట్వారీ కొలవలేదు. లేవలేదు. తల ఒక పక్కకు వాల్చి ఆమె వైపు చూసింది. మెడ కింద చర్మం ఖాళీ సంచిలా వేలాడుతోంది. మట్టి మూకుట్లో నీళ్ళు కూడా అడుగంటాయి.

అనుపమ నీళ్ళు పోసింది. డబ్బాలోంచి జొన్నలు దోసిలి నిండా తీసింది. నానబెట్టే టైమెక్కడిది? పట్వారీ ముందు ఒక గింజ, తర్వాత రెండు, ఆ తర్వాత నేలనే పొడిచినట్టు తినడం మొదలుపెట్టింది. ఇంకో దోసిలి పోసింది. "తిను నాయనా, తొందరగ తిను," అని బతిమాలింది. బండి వాకిట్లో ఆగిన చప్పుడు వినిపించేసరికి మేత సంచి ముందుకు ఉబికి నిమ్మకాయంత అయింది. దాని ముక్కు మీద గింజ పొట్టు తుడిచి, గంప పక్కన చేతులు కట్టుకుని నిలబడింది, పొద్దున్నుంచీ అక్కడే ఉన్నదానిలాగా.

మంగాదేవి ముఖం కడుక్కోకుండానే పెరట్లోకి వచ్చింది. పీట వేసుకుంది. పుంజును ఒళ్ళోకి తీసుకుంది.

"నిండుగనే ఉన్నది," అంది.

"ఉండదా మరి," అంది అనుపమ. "ఇరవై ఆరో రోజు."

"ఎవరు పెట్టిండ్రు?"

"బుధ్రి అక్క."

మంగాదేవి వేళ్ళు పుంజు మెడ కింద నుంచి రాలేదు. దడి వైపు తల తిప్పి గట్టిగా పిలిచింది.

"బుధ్రీ! ఇయ్యాల పుంజుకు మేత బెట్టినవా?"

దడి అవతల దొప్పలు కుడుతున్న బుధ్రి లేచి చూసింది. "ఇయ్యాల యాడిది అమ్మా? ఉసూర్ బజార్ రేపు గదా. రేపు నా వంతు."

"మరి సన్ననేమో," అంది అనుపమ గబగబా. "గీదం పోయినం కదా. లారీ రోజు."

సన్న దుకాణంలోంచి చక్రం తిప్పుతూనే అరిచాడు. "లారీ రోజుకి ఇంక మూడు రోజులున్నది! మీరు ఇయ్యాల గీదం పోయిండ్రా? నాకెవరు జెప్పిండ్రు?"

మంగాదేవి అనుపమ చేతిని పట్టుకుని లాగి, వేళ్ళను పుంజు మేత సంచి మీద పెట్టించింది.

"ముట్టి చూడు. మధ్యాహ్నం దిన్న గింజ ఈ పాటికి నాని పిండి ముద్దయితది. ఇవి చూడు, గులకరాళ్ళ తీరుగ జరుగుతున్నయి. ఇవి కడుపుల పడి పావుగంట కూడ కాలే."

అనుపమ వేళ్ళ కింద గింజలు జరిగాయి. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

కాశీవిశ్వనాథం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అలవాటు కొద్దీ భుజం మీది తువ్వాలు తీశాడు. ఎవరికి ఇవ్వాలో తెలియక మళ్ళీ భుజం మీదే వేసుకున్నాడు. మంగాదేవి లేచి లోపలికి పోయి కత్తిపీట తెచ్చి పెరట్లో పెట్టింది.

అనుపమ పట్వారీని ఎత్తి గంప కింద పెట్టి, ఆ గంప మీద ఎక్కి కూర్చుంది. వెదురు గంప కిర్రుమంది.

"లే," అంది మంగాదేవి.

"లేవ."

"మాట నువ్వే ఇచ్చినవు. మసాలా నూరిస్త అన్నవు."

"మాటిచ్చింది నేను. అది సంతకం బెట్టలే. మేత తప్పించింది నేను, అది కాదు. వండితే నన్ను వండు."

"నిన్ను వండితె ఎవలు తింటరే? అన్ని ఎముకలు, మిగిలింది నాలిక."

"అయితే నాలికనే వండు. గంప మీదికెల్లి మాత్రం లేవ. రేపు బజారుకు రాను, ఎల్లుండి రాను. వానకాలమొచ్చినా ఈడనే ఉంట. బుధ్రి అక్క నాకు సుత చెదపురుగులు తెచ్చిపెడ్తది."

దడి అవతల బుధ్రి దగ్గింది. దగ్గు అలా ఉండదు.

మంగాదేవి పీట మీద కూర్చుని మనవరాలిని చాలాసేపు చూసింది. అనుపమ కూడా కళ్ళు దించలేదు. బస్సును ఆపిన కళ్ళు అవి. కానీ ఎదురుగా ఉన్నది బస్సు కాదు.

"నాకు కూర వద్దు," అంది చివరికి మంగాదేవి. "డెబ్బయ్యేండ్లు దిన్న. నాకు నిజం గావాలె. ఎందుకు తప్పింది? నిజం చెప్తే పుంజును నీకే ఇడిసిపెడ్త, మల్ల అడగ. అబద్ధం చెప్తే గంపతోని సహా లేపుత."

"కొత్వాల్ జేసిండు," అంది అనుపమ. "బజారు మార్చిండు."

మంగాదేవి కత్తిపీటను కాలితో ముందుకు జరిపింది.

"సన్నన్నకు ఫోన్ గలవలే. నాలుగుసార్లు కొట్టిన. కావాలంటే చూడు, ఫోన్‌ల ఉన్నయి."

కత్తిపీట ఇంకో జానెడు జరిగింది.

"నాన్న ఉన్నట్టుండి గీదం అన్నడు..."

"నేనేం జేసిన్నే?" అన్నాడు కాశీవిశ్వనాథం గుమ్మంలోంచి.

"బజారు మారిందని నీకెప్పుడు దెలుసు?" అంది మంగాదేవి. గొంతు పెంచలేదు.

గంప కింద పట్వారీ కదిలింది. ఒక అడుగు, రెండడుగులు. లోపల ఉన్న కాస్త జాగాలోనే కొలుస్తోంది. వెదురు సందుల్లోంచి దాని ముక్కు అనుపమ కాలికి తగిలింది.

"నిన్న పొద్దుగాల," అంది అనుపమ.

"బుధ్రి ఇల్లు ఎంత దూరం?"

"దడి అవతల."

"ఒక దినం మొత్తం ఉన్నది నీ దగ్గర. ఎందుకు జెప్పలే?"

అనుపమ నోరు తెరిచింది. మామూలుగా అయితే ఆ నోట్లో ఎప్పుడూ నాలుగైదు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఇప్పుడు వెతికితే ఒకటే ఉంది. దాన్ని బయటికి తేవడానికి ఆమె గంప మీది నుంచి దిగి, నేల మీద కూర్చోవలసి వచ్చింది.

"పట్టీ గీసిన్నాడే బుధ్రి అక్క అడిగింది నాయనమ్మా, బజారు మారితే ఎట్ల పిల్లా అని. బజార్ మారుడేంది, కొండలన్న కదుల్తయి గని బజార్ కదలదన్న. ఆమెను జూసి నవ్విన. నిన్న కొత్వాల్ చెప్పంగనే నాకు సమజయింది, రేపటికి పట్టీల బొమ్మనే లేదని. పోయి చెప్దామనుకున్న. దడి దాంక పోయిన. ఆమెకు చెప్పినా, సన్నన్నకు చెప్పినా, ఆమె అన్నదే నిజమైందని ఒప్పుకున్నట్టయితదని మల్లొచ్చిన. ఎట్లనో ఒకట్ల ఎవలో ఒకలు పెడ్తరులే అనుకున్న. గీదంల సమోసా తినేదాంక యాదికి గూడ రాలే. అది పొద్దంత నీళ్ళు లేకుండ కూసున్నది... నేను మరిచిపోయిన."

మంగాదేవి కత్తిపీట తీసుకుని లోపలికి పోయింది.